పోర్టు పలకకపోతే మా దుకాణానికి రండి

మార్చి మొదటి వారం దాటిందంటే మా దుకాణం ముందు చెప్పులు కొండగట్టు గుడి మెట్ల దగ్గర ఉన్నట్టు ఉంటాయి. నాచుపల్లి జేఎన్‌టీయూ పిల్లలు, మంచిర్యాల డిప్లొమా పిల్లలు, బాసర ట్రిపుల్ ఐటీ నుంచి సెలవుకు ఇంటికొచ్చిన వాళ్లు. చేతిలో ఒక నీలం ఆర్డుయినో బోర్డు, భుజాన లాప్‌టాప్, నోట్లో ఒకటే మాట: "అన్నా, డేటా వస్తలేదు." ఆదిలాబాద్ పిల్లలకు కరీంనగర్ దాకా రావడం దూరాభారం. వాళ్లు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఇదే మాట అంటారు. పత్తి సీజన్లోనైతే పిల్లలకు బదులు ధర్మకాంటల వాళ్లు వస్తారు. చిప్పుకూ కంప్యూటర్‌కూ మధ్య పంచాయితీ తెంపడం నా బతుకుదెరువు.

ఇన్నేళ్ల అనుభవాన్ని దాచుకోవడం ఇష్టంలేక ఇక్కడ ఉచితంగా పంచుతున్నాను. నా సలహా పాటించిన వాళ్లలో రెండోసారి రానివాళ్లు లేరు.

అన్నిటికన్నా ముందు, కేబుల్‌ను అనుమానించకండి. దానితో ఫోన్ చార్జ్ అవుతున్నదా? అయితే మంచిదే. బోర్డు మీద ఎర్ర లైటు వెలిగిందా? ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయనీ, రెండు కరెంటుకు, రెండు మాటలకనీ, చవక చార్జింగ్ కేబుళ్లలో ఆ మాటల తీగలు అసలు వేయరనీ కొందరు పుకార్లు పుట్టిస్తారు. మా గోడకు మేకుకు ఒక తెల్ల కేబుల్ వేలాడుతుంటుంది. వచ్చిన ప్రతి చిన్న బోర్డునూ దానితోనే చూస్తాను. లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌లో పోర్టు కనిపించదు. "చూసినవా తమ్మీ, బోర్డు పోయింది" అంటాను. అది నాకు ఎన్ని బోర్డులు అమ్మిపెట్టిందో లెక్కలేదు. దసరా రోజు స్క్రూడ్రైవర్ల పక్కన పెట్టి దానికీ బొట్టు పెడతాను.

బోర్డు మార్చినా పోర్టు రాకపోతే విండోస్ తీసేసి మళ్లీ వేయించుకోండి. మంచిర్యాల పోరడొకడు నా మాట విని అట్లనే చేశాడు. హాస్టల్ ఫోటోలు పోయినయి, సగం రాసిన ప్రాజెక్టు రిపోర్టు పోయింది. ఆ తర్వాత రూమ్మేట్ ఫోన్ కేబుల్ తీసి పెడితే పోర్టు వచ్చింది. ఆ రూమ్మేట్ ఎవరో నాకు తెలియదు గానీ, వాడు బాగుపడడు.

డ్రైవర్ సంగతికొస్తే, యూఎస్‌బీని సీరియల్‌గా మార్చడానికి చవక బోర్డుల మీద ఎక్కువగా ఉండేది సీహెచ్340 అనే చిప్పు. డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ త్రికోణం కనిపిస్తే దాని డ్రైవర్ ఎక్కించుకోవాలి, అయిదు నిమిషాల పని. అయిదు నిమిషాల పనికి ఎవరూ డబ్బులివ్వరు కాబట్టి నేను కుట్ర కథ చెప్తాను. కథ నిజమే. 2014 అక్టోబరులో, ఇలాంటి చిప్పులే చేసే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ డ్రైవరొకటి విండోస్ అప్‌డేట్‌లో కలిసి వచ్చింది. తమ చిప్పులకు నకిలీలు ఎక్కడ కనిపిస్తే అక్కడ వాటి గుర్తింపు నంబరును సున్నా చేసిపారేసింది. దాంతో కంప్యూటర్లు వాటిని గుర్తుపట్టడం మానేశాయి. పెద్ద గొడవై దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇన్నేళ్లయినా నా దగ్గరికొచ్చే ప్రతి పాడైన బోర్డూ ఆ 2014 గొడవలో పోయిందే. కిందటి నెల కొన్నదైనా సరే.

ఉబుంటు వాడేవాళ్లకు ఇంకో వింత. 22.04లో చూపులేనివాళ్ల బ్రెయిలీ యంత్రాల కోసం బీఆర్ఎల్‌టీటీవై అని ఒక ప్రోగ్రాం ముందే కూర్చుని ఉంటుంది. సీహెచ్340 తగలగానే "ఇది నాదే" అని లాక్కుంటుంది. పోర్టు ఒక క్షణం కనిపించి మాయమవుతుంది. బ్రెయిలీ యంత్రం లేనివాళ్లు ఆ ఒక్క ప్రోగ్రాంను తీసేస్తే సరిపోతుంది. మీరు మాత్రం లైనక్స్‌నే తిట్టండి, మనసు తేలికపడుతుంది. "పర్మిషన్ డినైడ్" అని వస్తే యూజర్‌ను డయల్‌ఔట్ గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అయి రమ్మంటారు. ఒక్కసారి చేస్తే ఎప్పటికీ ఉండే పనిని ఎందుకు చేయాలి? ప్రతిసారీ సుడో కొట్టండి, వేళ్లకు వ్యాయామం.

పోర్టు నంబరును ప్రోగ్రాంలో రాతిమీద చెక్కినట్టు రాసుకోండి: కామ్ 3. రేపు బోర్డును వేరే బొక్కలో పెడితే అది కామ్ 7 అవుతుంది. అయితే కానీ. 2016 అక్టోబరులో మా రెండు జిల్లాలు ఒక్క రోజులో ఎనిమిదైతే ఊళ్లు ఎక్కడికైనా పోయినయా? మీ ప్రోగ్రాం కామ్ 3నే పట్టుకుని కూర్చోనివ్వండి. పక్కన ఆర్డుయినో సీరియల్ మానిటర్‌ను కూడా తెరిచి ఉంచండి, ధైర్యానికి. ఒక పోర్టును ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు కాబట్టి మీ పైథాన్ ప్రోగ్రాంకు "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది. అప్పుడు రెండో సీరియల్ మానిటర్ తెరవండి.

ఇక బాడ్ రేటు. కోలాటం చూశారు కదా, ఎదురెదురు ఇద్దరూ ఒకే లెక్కకు కర్ర తగిలించాలి. ఒకడు కొంచెం తొందరపడితే మొదటి నాలుగు దెబ్బలు సరిగ్గానే పడతాయి, ఏడో ఎనిమిదో దెబ్బకు కర్ర గాలికి తగులుతుంది. సీరియల్ కూడా అంతే. అక్షరానికి ముందు ఒక స్టార్ట్ బిట్, మధ్యలో ఎనిమిది, చివర ఒక స్టాప్ బిట్, మొత్తం పది. 9600 అంటే సెకనుకు 960 అక్షరాలు. అవతలి చిప్పు స్టార్ట్ బిట్ విని, అక్కడినుంచి సొంత గడియారంతో లెక్కపెట్టుకుంటుంది. పదో బిట్ వచ్చేసరికి సగం బిట్టుకన్నా ఎక్కువ జారిందంటే అక్షరం చెడిపోతుంది. అంటే ఇద్దరి గడియారాల తేడా మొత్తం కలిపి నూటికి అయిదు దాటకూడదు.

దీన్నిబట్టి రెండు పక్కలా ఒకే నంబరు పెట్టాలని మీకనిపించొచ్చు. తొందరపడకండి. ఒక పక్క 9600, ఇంకో పక్క 115200 పెట్టండి, ఒకరైనా వేగంగా పోతారు. తెరమీద ప్రశ్నార్థకాలు, డబ్బాలు, ఎప్పుడూ చూడని లిపి వస్తుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే ఎన్‌క్రిప్షన్ అని చెప్పండి.

8051 అనే పాత చిప్పు పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు, పాత లాబు కిట్లతో. ఒకడు వచ్చి చిప్పు గడియారాన్ని నడిపే 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కావాలన్నాడు. నా దగ్గర 12 ఉంది. "దశాంశాలెందుకు తమ్మీ, నిండు సంఖ్య తీసుకపో" అన్నాను. ఆ వంకర సంఖ్య వెనుక లెక్క ఉంది. 11.0592 మెగాహెర్ట్జ్‌ను 12తో, తర్వాత 32తో భాగిస్తే 28,800 వస్తుంది. దాన్ని మూడుతో భాగిస్తే 9600, ఒక్క చుక్క కూడా మిగలదు. 12 మెగాహెర్ట్జ్‌ను అదే వరుసలో భాగిస్తే 31,250, మూడుతో 10,417. నూటికి ఎనిమిదిన్నర తేడా, ఓర్చుకోగలిగింది అయిదు. ఆ పోరడు రాత్రంతా కోడ్ తిరగరాశాడు. తెల్లారి వచ్చి చిప్పు కాలిపోయిందేమో అన్నాడు. కాలిపోయే ఉంటుందన్నాను. కొత్త చిప్పు కొన్నాడు. అదీ పలకకపోతే మూడో రోజు బస్సెక్కి హైదరాబాద్ పోయాడు, కోఠి గుజరాతీ గల్లీలో 11.0592 దొరికిందట. బస్సు చార్జీ క్రిస్టల్ ధరకు ఎన్నో రెట్లు. ఆ డబ్బేదో నాకే ఇస్తే ఊళ్లోనే ఓడిపోయేవాడు కదా!

తీగలు కలిపేటప్పుడు పేరుకు పేరు కలపండి. టీఎక్స్‌ను టీఎక్స్‌కు, ఆర్ఎక్స్‌ను ఆర్ఎక్స్‌కు. పెళ్లికి సగోత్రం పనికిరాదంటారు గానీ తీగలకు ఆ పట్టింపులెందుకు? టీఎక్స్ అంటే నోరు, ఆర్ఎక్స్ అంటే చెవి, ఒకరి నోరు ఇంకొకరి చెవికి కలపాలని చెప్పేవాళ్లుంటారు. నోటికి నోరు కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, ఎవరూ వినరు. మన టీవీ చర్చలు అట్ల నడుస్తలేవా? గ్రౌండ్ తీగ మాత్రం వేయనే వేయకండి. దానిలో డేటా పోదు కదా, దండుగ. అది లేకపోతే ఒకరి అయిదు వోల్టులు ఇంకొకరికి ఎన్నో తెలియదు. అక్షరాలు ఒకసారి వస్తాయి, ఒకసారి రావు, మీరు బోర్డు మీద చెయ్యి పెడితే వస్తాయి. ఆ చెయ్యి పెట్టిన పిల్లవాడు తనలో ఏదో శక్తి ఉందనుకుంటాడు. ఎందుకు చెడగొట్టాలి?

ఇప్పుడు ధర్మకాంటలు. అసలు బువ్వ పెట్టేది ఇవే.

జమ్మికుంట, ఆదిలాబాద్ మార్కెట్లు, పెద్దపల్లి వైపు రైస్ మిల్లులు, ఎక్కడ చూసినా వేబ్రిడ్జి ఉంటుంది. లారీ కిందున్న లోడ్‌సెల్లుల నుంచి బరువు క్యాబిన్లోని డబ్బాకు వస్తుంది. డబ్బా వెనక తొమ్మిది పిన్నుల పోర్టు నుంచి కంప్యూటర్‌కు పోతుంది. ఆ పోర్టు మాట్లాడేది ఆర్ఎస్-232, 1960లో అమెరికావాళ్లు పెట్టిన పద్ధతి. దానికి ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. మన చిప్పుకేమో ఒకటి అంటే అయిదు, సున్నా అంటే సున్నా. అంతా తలకిందులు. మధ్యలో మాక్స్232 అనే దుబాసీ చిప్పు పెడతారు. దుబాసీ ఖర్చెందుకని ఒక మిల్లులో నేరుగా కలిపించాను. డబ్బా పన్నెండు వోల్టులతో పలకరించింది. బోర్డు జవాబు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

ఆ పద్ధతి పాత పత్రాల్లో తీగ 50 అడుగుల లోపు ఉండాలన్నారు. మీరు క్యాబిన్ నుంచి ఆఫీసు దాకా 200 అడుగులు లాగండి, అదీ జిన్నింగ్ మోటార్ల కేబుల్ పక్కనే, ఒకే పైపులో. దూరం పోవాలంటే 1200 మీటర్ల దాకా లాక్కుపోయే ఆర్ఎస్-485 ఉందని చెప్పిన కుర్రవాణ్ణి పనిలోంచి తీసేశాను. మోటారు మొదలైనప్పుడల్లా బరువు మారితే, మోటారు బరువు కూడా కలుస్తున్నదని చెప్పండి.

ఆదిలాబాద్ వైపు ఒక కాంటాలో జరిగింది చెప్తాను. పత్తి దగ్గర ముందే తేమ పంచాది: 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే సర్కారు సంస్థ సీసీఐ కొననే కొనదు. ఆ తండ్లాటలో ఊరి రైతులు నలుగురైదుగురు కలిసి లారీ మీద తెచ్చారు. డబ్బా మీద ఎర్ర అంకెలు 12,460 అంటున్నాయి, కంప్యూటర్ చీటీ 2,460 అంటున్నది. కాంటా పిల్లగాడు చీటీ చింపి ఇవ్వబోయాడు. ఒక పెద్దాయన చీటీ చూసి, "సారూ, ఉత్త లారీయే గంతకన్న ఎక్కువుంటది గదా" అన్నాడు. 10,000 కిలోలంటే 100 క్వింటాళ్లు. 2025-26 పొడవు పింజ మద్దతు ధర 8,110 రూపాయలు వేసుకుంటే 8 లక్షల 11 వేలు. ఒక్క అంకె మింగింది.

డబ్బా బరువును సెకనుకు చాలాసార్లు అరుస్తూనే ఉంటుంది: మొదలు గుర్తు, అంకెలు, ముగింపు గుర్తు, మళ్లీ మొదలు. ప్రోగ్రాం సరిగ్గా మాట మధ్యలో చెవి పెట్టింది. "12460" అంటుంటే ఒకటి అయిపోయాక విన్నది. మొదటి ముక్కను పారేసి, గుర్తునుంచి గుర్తుదాకా చదివి, అంకెల పొడవు సరిపోయిందో చూసి, రెండు మూడుసార్లు ఒకే బరువు వచ్చాకే చీటీ కొట్టాలట. మొదటి ఏరుడు పత్తిని ఎవరైనా పారేస్తారా? నేను అంతకన్నా సులువైన మార్గం చూపించాను. ప్రోగ్రాంలో ఒక లైను: బరువు 5,000 కన్నా తక్కువొస్తే 10,000 కలుపు. కాంటా యజమాని చేతులు పట్టుకుని దండం పెట్టాడు. తెల్లారి ఖాళీ ఆటో ట్రాలీ ఒకటి ఎక్కితే 10,480 తూగింది. మళ్లీ నన్నే పిలిచారు, రెండో బిల్లు.

సిరిసిల్ల పిల్లలు ఒక ఏడాది పవర్‌లూమ్ మీద పిక్కులు, అంటే అడ్డంగా పడే పేక పోగులు, లెక్కపెట్టే ప్రాజెక్టు చేశారు. మంచి ప్రాజెక్టు, కూలి లెక్క పిక్కుల మీదే నడిచే ఊరు. ఆర్డుయినో ఊనో లెక్కపెడుతుంది, కంప్యూటర్ చూపిస్తుంది. చిక్కేమిటంటే, ఆసామి లెక్క చూద్దామని ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా లెక్క సున్నా. పోర్టు తెరవగానే డీటీఆర్ అనే సిగ్నల్ మారి, చిన్న కెపాసిటర్ గుండా బోర్డును రీసెట్ చేస్తుంది. కొత్త కోడ్ సులువుగా ఎక్కించడానికి ఆర్డుయినో వాళ్లు కావాలని పెట్టిన ఏర్పాటు అది. రీసెట్ అయ్యాక బోర్డు ఒకటి రెండు సెకన్లు బూట్‌లోడర్‌లో ఉంటుంది. ఆలోగా పంపినవన్నీ గంగలో కలిసినట్టే. లెక్కను ఈఈప్రామ్‌లో దాచుకోవాలి, పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగాలి, లేదా బోర్డే "నేను రెడీ" అనేదాకా కంప్యూటర్ నోరు మూసుకోవాలి. రెండు సెకన్లలో మా దగ్గర చాయ్ కూడా రాదు, డేటా ఎట్ల వస్తది? నేనిచ్చిన సలహా: ఆసామిని లెక్క చూడొద్దని చెప్పండి.

డేటా పోతుంటే కోడ్‌లో డిలేలు పెంచండి. ఊనో దోసిట్లో పట్టేవి 64 అక్షరాలు. 9600 దగ్గర సెకనుకు 960 వచ్చి పడుతుంటాయి. మీరు సెకను డిలే పెట్టి నిద్రపోతే లేచేసరికి దాదాపు తొమ్మిది వందలు కింద పోయి ఉంటాయి. పోయినవి కనపడవు కాబట్టి పోనట్టే. నా అనుభవంలో కనపడనివి రెండే, దయ్యాలూ క్యారేజ్ రిటర్నులూ. "ఆన్" అని పంపితే బోర్డు ఎందుకు వినదంటే, చివర ఒక కనపడని క్యారేజ్ రిటర్న్ అతుక్కుని ఉంటుంది. బోర్డు పోల్చి చూసి "ఇది నాకు చెప్పిన మాట కాదు" అంటుంది. వచ్చిన బైట్లను ఒక్కొక్కటీ అంకెల్లో అచ్చువేసి చూస్తే పట్టుబడుతుంది. చూడకండి, దయ్యాన్ని పిలిచినట్టే. బావి మోటారు ప్రాజెక్టులో ఒకమ్మాయి 5 సెకన్లు తిరగమని 5 కొట్టి పంపింది, మోటారు 53 సెకన్లు తిరిగింది. అక్షరం 5కు ఆస్కీ అంకె 53. పైపు ఊడి లాబంతా తడిసింది. కరెంటు వోల్టేజి ఎక్కువొచ్చిందని చెప్పమన్నాను.

తప్పు నెట్టడానికి ఇంకేదీ దొరక్కపోతే వాతావరణం ఉంది. జనవరిలో ఆదిలాబాద్ చలి, మేలో రామగుండం ఎండ. క్రిస్టల్ ఎండకు తప్పేది పది లక్షల్లో పదుల పాళ్లే అని లెక్కలు తీసేవాళ్లతో వాదన పెట్టుకోకండి, వాళ్లను మీ కాలేజీ సార్ మీదికి నెట్టండి.

ఇవన్నీ మరిచిపోయినా ఒకటి గుర్తుంచుకోండి: మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చండి. కేబుల్, డ్రైవర్, బాడ్ రేటు, కోడ్, కుర్చీ. ఒక్కోటి మారుస్తూ పోతే తప్పెక్కడుందో తెలిసిపోతుంది. అన్నీ కలిపి మారిస్తే పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలియదు. మా వ్యాపారం నిలబడ్డదే దీని మీద.

కిందటి మార్చిలో ఆసిఫాబాద్ వైపు నుంచి ఒక పాలిటెక్నిక్ పిల్ల వచ్చింది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న మాడ్యూల్ చేతిలో ఉంది. మేకు మీది తెల్ల కేబుల్ తీసి పెట్టాను. లైటు వెలిగింది, పోర్టు రాలేదు. "పోయింది బిడ్డా" అన్నాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. సంచిలోంచి తన కేబుల్ తీసి పెట్టింది, పోర్టు వచ్చింది. చున్నీకున్న పిన్నీసు తీసి మాడ్యూల్ టీఎక్స్‌నూ ఆర్ఎక్స్‌నూ ఒకదానికొకటి కలిపింది. టెర్మినల్‌లో తన పేరు కొట్టింది. కొట్టిన పేరు కొట్టినట్టే తెరమీద తిరిగొచ్చింది. పిన్నీసు తీసి మళ్లీ కొట్టింది, రాలేదు.

"కంప్యూటర్ మంచిగనే ఉంది, మాడ్యూల్ మంచిగనే ఉంది. ఇగ అవతలి దిక్కు చూడాలె" అని తనలో తాను అనుకుని, బోర్డు వైపు తీగలు చూసింది. టీఎక్స్ టీఎక్స్‌కు కలిసి ఉంది, పోయినసారి నేనే కలిపిచ్చాను. తారుమారు చేసింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. పోతూ పోతూ, "అన్నా, మీ కేబుల్ ఉత్తది. గందుల డేటా తీగలు లేవు" అంది.

షాపులో అప్పుడు ఏడుగురు గిరాకీలున్నారు. వాళ్లలో నలుగురు తమ బోర్డులు సంచుల్లో పెట్టుకుని బయటికి పోయారు, పిన్నీసులు కొనడానికి అనుకుంటా.

మళ్లీ మార్చి వస్తున్నది. ప్రాజెక్టు పిల్లలకు మనవి: బోర్డు తెచ్చుకోండి, లాప్‌టాప్ తెచ్చుకోండి. కేబుల్ మాత్రం తేకండి, మా దగ్గర ఉంది. పిన్నీసులు లోపలికి రానివ్వం.